ప్రాగ్ వీధిలో మనవాళ్ళు

యూరప్ వెళ్ళలేనివాళ్ళ సోఫా దగ్గరికి యూరపే నడిచొస్తుందని కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో మా బ్యాచ్‌కి కనిపెట్టి చెప్పింది వసంతలక్ష్మి. సమ్మర్‌లో నాలుగు కుటుంబాలం కలిసి ప్రాగ్ వెళ్ళాలని ఏడాదిపాటు వాట్సాప్ గ్రూపులో ప్లాన్ చేశాం. తీరా టికెట్లు బుక్ చేసే రోజుకి అందరికీ ఒకటే భయం పట్టుకుంది. దేశం దాటితే మళ్ళీ లోపలికి రానిస్తారా, వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుపోతామా అని. మీసాలు మెలేసిన మొనగాళ్ళందరూ ఒక్క పూటలో మెత్తబడ్డారు. అందుకని వసంతలక్ష్మి లైవ్ టూర్ బుక్ చేసింది. ప్రాగ్‌లో ఒక గైడ్ ఫోన్ పట్టుకుని యూదుల పాత పేటలో నడుస్తుంది, మనం ఇక్కడ గోడంత టీవీ ముందు ఇడ్లీలు తింటూ ఆమెతో నడుస్తాం. కాళ్ళు నొప్పి పుట్టవు, వీసా ఎవరూ అడగరు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి రమ్మంది. మా తెలుగు చర్చి సాయంత్రం నాలుగింటికి. అమెరికన్లు తమ ఆరాధన ముగించుకుని, గుడి ఊడ్చుకున్నాకే మాకు తాళాలిస్తారు. కాబట్టి ఎగ్గొట్టడానికి నాకు దేవుడి సాకు కూడా దొరకలేదు.

అసలు ఎగ్గొట్టే వీలే లేదు. మా ఆయన దేవకుమార్ ఉద్యోగం పోయి ఆ రోజుకి నలభై మూడు రోజులు. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకో కంపెనీ పట్టుకోవాలి, లేకపోతే పెట్టెలు సర్దుకోవాలి. మా ఫెబీ టెన్త్ గ్రేడ్‌లో ఉంది. దానికి పెట్టెలంటే క్యాంపింగ్‌కి వెళ్ళేటప్పుడు సర్దేవే. వసంతలక్ష్మి భర్త శశికాంత్ ఒక కంపెనీలో డైరెక్టర్. శుక్రవారం ఫోన్ చేసి, "దేవ్, ఇంటర్వ్యూలన్నీ క్లియర్ చేశావ్. మండే ఆఫర్ లెటర్ పంపిస్తా. మనవాడివి, నిన్ను వదులుకుంటానా?" అన్నాడు.

ఈ 'మనవాడు' ఎలా పుట్టాడో చెప్పాలి. మూడేళ్ళ కిందట, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో వసంతలక్ష్మి మా ఆయన్ని ఇంటిపేరు అడిగింది. మనవాళ్ళు పేరు అడిగేది పలకరించడానికి, ఇంటిపేరు అడిగేది కొలతలు తీయడానికి. ఈయన "తాళ్లూరి" అన్నాడు. "అయ్యో, మా పెద్దమ్మ పుట్టింటివాళ్ళు తాళ్లూరివాళ్ళే! అయితే మనవాళ్ళే!" అని ఆమె చప్పట్లు కొట్టింది. తాళ్లూరు అనే ఊరు వదిలి ఎవడు ఎటు వలస పోయినా తాళ్లూరివాడే అవుతాడు, భూమి ఉన్నవాడూ అవుతాడు, ఆ భూమిలో నాట్లేసేవాడూ అవుతాడు. ఈ సంగతి ఆమెకు తట్టలేదు. మా ఆయన చెప్పలేదు. చిరునవ్వు నవ్వాడు. అంతే, ఆ చిరునవ్వుతో మా కులం మారిపోయింది.

మేం చర్చికి వెళ్తామని తెలిశాక కొంచెం తటపటాయించారు. "తాతల కాలంలో కన్వర్ట్ అయ్యాం" అన్నాడు ఈయన. అది మాత్రం నిజం. అప్పుడు వసంతలక్ష్మి నాన్నగారు తిరుపతయ్య అంకుల్ పెద్దమనసుతో తీర్పు చెప్పారు. "మతం మారితే ఏమైందమ్మా, రక్తం ఎక్కడికి పోతుంది!"

ఆ రోజు నుంచి నేను మా ఆయన్ని ఎన్నిసార్లు పీక్కుతిన్నానో ఆ దేవుడికే తెలియాలి. "ఎందుకు చెప్పవు? దొంగతనం చేశామా?" అంటే, "అడగలేదుగా" అనేవాడు. నాకు ముక్కు మీద కోపం. ఆయన కుక్కిన పేను. ఆదివారం కారులో కూడా అదే గొడవ.

"దెబోరా, ఇవాళొక్కరోజు నోటికి తాళం వేసుకో," అన్నాడు.

"నా నోరేం చేసింది?"

"ఇంకా ఏం చేయలేదు. అందుకే చెబుతున్నా."

సరేనని తాళం వేసుకున్నాను. నోట్లో ఇడ్లీ పెట్టుకుంటే తాళం దానంతటదే పడుతుంది.

తొమ్మిదింటికి టీవీలో హానా అనే గైడ్ ప్రత్యక్షమైంది. అరవై దాటిన మనిషి, నెరిసిన పొట్టి జుట్టు, భుజాన గుడ్డసంచి. అక్కడ సాయంత్రం ఆరు, ఎండ ఇంకా గోడల మీదే ఉంది. మేం కనిపించేలా శశికాంత్ ల్యాప్‌టాప్ కెమెరా మావైపు తిప్పి పెట్టాడు. పన్నెండుమంది చేతుల్లో ప్లేట్లతో ఆమెకు హలో చెప్పాం.

యూదుల పాత టౌన్ హాల్ మీద రెండు గడియారాలు చూపించింది. కింది గడియారంలో హీబ్రూ అక్షరాలు, ముళ్ళు వెనక్కి తిరుగుతాయట. "రిపేర్ చేయించుకోవచ్చుగా?" అన్నారు తిరుపతయ్య అంకుల్. శశికాంత్ అది మాత్రం అనువాదం చేయలేదు. తర్వాత ఒక వెడల్పాటి వీధి వచ్చింది. ఇరుకు సందుల పాత ఇళ్ళు పడగొట్టి ఈ వీధి వేశారని, సినగాగులనే ప్రార్థనా మందిరాలు, శ్మశానం, ఇంకా కొద్దిపాటి కట్టడాలే మిగిలాయని హానా చెబుతోంది. వసంతలక్ష్మి ముందుకు వంగి, "ఏమండీ, ఆ షాపులో బ్యాగులు కదా? కెమెరా కొంచెం అటు తిప్పమనండి," అంది. వారసత్వం అంటే ఎవరికి కావలసింది వాళ్ళు చూసుకోవడమే మరి.

శ్మశానం అప్పటికి మూసేశారట, ట్యాబ్‌లో ఫోటోలు చూపించింది. చనిపోయినవాళ్ళకు కూడా ఈ పేట దాటి వేరే చోటు ఇవ్వలేదు కాబట్టి, ఉన్న నేల మీదే మట్టి పోసి, సమాధి మీద సమాధి కట్టారు. కొన్నిచోట్ల పన్నెండు వరసలట. పేట చుట్టూ గోడ. గోడకు గేట్లు. ఫలానా రంగు గుర్తు బట్టల మీద కుట్టుకోమని ఒకప్పుడు రాజాజ్ఞ. బయటివాళ్ళు వీళ్ళతో వ్యాపారం చేస్తారు కానీ ఇరుగుపొరుగుగా ఉండనివ్వరు.

"ఎంత ఘోరం! మనుషుల్ని అలా విడిగా పెడతారా?" అంది వసంతలక్ష్మి. నిజంగానే కళ్ళు తుడుచుకుంది. టిష్యూ డబ్బా సోఫా వెంట చేతులు మారుతూ మా వరకు వచ్చింది. నేను ఒకటి తీసుకుని ఇడ్లీ చేతులు తుడుచుకున్నాను.

ఇక తిరుపతయ్య అంకుల్ ఆగలేకపోయారు. "ఆమె ఇంటిపేరేంటో అడగరా అల్లుడూ," అన్నారు. ప్రాగ్ ఏంటి, చంద్రమండలమైనా అడగాల్సింది అడగాలి కదా!

హానా నవ్వింది. ఇంటిపేరు నొవాకోవా అంది. ఈ దేశంలో వీధికి పదిమంది ఉంటారట ఆ పేరువాళ్ళు. అసలు పేరు అది కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక నాజీల క్యాంపు నుంచి ఆ ఇంటివాళ్ళల్లో ఆమె నాయనమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. వచ్చి మొదట చేసిన పని పేరు మార్చుకోవడం. ఇంకెవరూ ఏమీ అడగకూడదని. నాన్నకు తెలిసినా నోరు విప్పలేదు. హానాకు పందొమ్మిదేళ్ళు వచ్చాక, నాయనమ్మ పోయిన రోజున చెప్పాడట.

శశికాంత్ మావైపు తిరిగాడు. "సొంత పేరు దాచుకుని బతకడం! అసలు ఊహించగలమా? దేవ్, కెన్ యూ ఇమాజిన్?" అని మా ఆయన భుజం మీద చెయ్యేశాడు.

"ఇమాజిన్ చేయగలనండీ," అన్నాడు మా ఆయన.

ఇడ్లీ గొంతుకి అడ్డం పడి మంచినీళ్ళు తాగాను.

హానా ఒక బెంచీ మీద కూర్చుంది. ప్రతి టూర్‌లోనూ చివర ఒక ప్రశ్న అడుగుతానంది. "మీరు వచ్చిన చోట కూడా ఇలాంటి వీధి ఉందా?"

శశికాంత్ వెంటనే ఇంగ్లీషులో అందుకున్నాడు. ప్రపంచంలో యూదులు నిశ్చింతగా బతికిన దేశం ఇండియానే అన్నాడు. అంకుల్ ఛాతీ విరుచుకుని, "మా ఊళ్ళల్లో అలాంటి గోడలూ గేట్లూ లేవమ్మా. అందరం అన్నదమ్ముల్లా కలిసే ఉన్నాం. చెప్పరా, ఆమెకు చెప్పు," అన్నారు. శశికాంత్ ఈసారి అక్షరం పొల్లుపోకుండా అనువాదం చేశాడు.

నా నోటి తాళం ఊడబోయింది. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. పదిహేడు రోజులు, ఫెబీ స్కూలు, ఇంటి అద్దె, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి పళ్ళు బిగించి కూర్చున్నాను.

"మా ఊళ్ళో ఉందండీ," అన్నాడు మా ఆయన, ఇంగ్లీషులో, హానాతో.

నేను ఉలిక్కిపడి చూశాను. ప్లేటు కింద పెట్టి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు, బడిలో పాఠం అప్పజెప్పేవాడిలాగా.

"అయితే నన్ను తీసుకెళ్ళండి," అంది హానా. "ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?"

"బస్సు దిగాలి. ఎడమవైపు ఊరు, కుడివైపు కాలువ. కాలువ మీద తాటిమొద్దు ఉంటుంది, అది దాటితే మాలపేట. అదే మా పేట. గోడ లేదు, అంకుల్ చెప్పింది నిజమే. గేటు ఎక్కడుందో పుట్టిన ప్రతివాడికీ తెలుసు, ఇక కట్టడం ఎందుకు? ఊరి మధ్య మంచినీళ్ళ బావి. మా నాయనమ్మ బావి చప్టా దగ్గరికి వెళ్ళకూడదు. బిందె కింద పెట్టి దూరంగా నిలబడాలి, ఎవరైనా దయతలచి పోయాలి. ఒక్కోసారి మధ్యాహ్నం దాకా ఎవరికీ దయ కలిగేది కాదు. టీ కొట్టులో మా గ్లాసులు చూరులో విడిగా ఉండేవి, తాగి మేమే కడిగి పెట్టాలి. మా నాన్న బి.ఇడి. చదివి ఆ ఊరి బడికే టీచరుగా వచ్చాడు. పెద్దవీధిలో చెప్పులతో నడవకూడదని చెప్పులు సంచిలో పెట్టుకుని వెళ్ళి, బడి గడప దాటాక తొడుక్కునేవాడు. తొడుక్కుని ఆ వీధి పిల్లలకే లెక్కలు చెప్పేవాడు."

ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. పదహారేళ్ళ కాపురంలో ఈ చెప్పుల సంగతి నాకూ చెప్పలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టిష్యూ డబ్బా కోసం చూస్తే, ఈసారి అది ఎవరి చేతిలోనూ లేదు.

హానా గుడ్డసంచి భుజానికి తగిలించుకుని బెంచీ మీంచి లేచింది. "చాలామంది చివర్లో నన్ను మంచి రెస్టారెంట్ ఎక్కడని అడుగుతారు," అంది. "థాంక్యూ." చెయ్యి ఊపింది. టీవీ నల్లబడింది.

ఆ తర్వాత మనవాళ్ళ మర్యాద చూడాలి! ఎవరూ ఒక్క మాట తప్పుగా అనలేదు. ఒకరికి లాండ్రీ గుర్తొచ్చింది, ఒకరికి పిల్లాడి సాకర్. తిరుపతయ్య అంకుల్ మందు వేసుకోవాలని లోపలికి వెళ్ళి మళ్ళీ రాలేదు. వసంతలక్ష్మి నా కళ్ళల్లోకి చూడకుండా, "కాఫీ తాగి వెళ్ళండి దెబోరా గారూ," అంది. మూడేళ్ళుగా 'ఏయ్ డెబ్బీ' అని పిలిచే మనిషికి ఒక్క గంటలో నా మీద ఎంత గౌరవం పెరిగిందో చూడండి.

వరండాలో బూట్లు వేసుకుంటుంటే శశికాంత్ వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"దేవ్, ఐ యామ్ ప్రౌడ్ ఆఫ్ యూ, మ్యాన్. నాకు ఇలాంటివేం పట్టవు, నీకు తెలుసుగా. మండే లెటర్ వస్తుంది, ప్రామిస్. ఒక్క చిన్న రిక్వెస్ట్. టీమ్‌లో అందరూ మనవాళ్ళే. నువ్వు మన సైడే అని వాళ్ళకి ఆల్రెడీ చెప్పేశాను. అది అలాగే ఉండనిద్దాం. అనవసరంగా ఆక్‌వర్డ్ ఎందుకు? ఆఫీసులో ఈ టాపిక్ తేకు, అంతే."

ఇక్కడ అబద్ధం చెప్పను. 'సరేనను, సరేనను' అని నా మనసు మొత్తుకుంది. మూడేళ్ళు ఆయన్ని నోరు ఎందుకు మూసుకున్నావని పీక్కుతిన్న మనిషిని నేనే. ఇప్పుడు ఇంకో మూడేళ్ళు మూసుకుంటే ఏం పోయిందని అనుకున్నదీ నేనే.

మా ఆయన బూటు లేసు కట్టడం పూర్తి చేసి లేచాడు.

"తప్పకుండానండీ. ఆ కండిషన్ కూడా ఆఫర్ లెటర్‌లో టైప్ చేయించండి. జీతం కింద లైన్‌లో పెడితే చాలు. చదువుకుని సంతకం పెడతాను."

"జోకా?" అన్నాడు శశికాంత్.

"జోక్ కాదండీ. నోటిమాట మర్చిపోతాం. రాతలో ఉంటే ఇద్దరికీ మంచిది. హెచ్ఆర్‌కి ఒక కాపీ పెట్టండి."

శశికాంత్ దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. మేం కారెక్కాం.

మొదటి సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడినా ఆయన కారు కదిలించలేదు, వెనకవాడు హారన్ కొట్టాల్సి వచ్చింది.

"లెటర్ రాదు కదా?" అన్నాను.

"రాదు. తిడతావా?"

"భయంగా ఉంది దేవా," అన్నాను. "గర్వంగానూ ఉంది. రెండూ ఒకేసారి వచ్చి చస్తున్నాను, నన్నేం అడక్కు."

ఇంటికొచ్చేసరికి ఫెబీ సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని, బౌల్‌లో పాలు పోసుకుని సీరియల్ తింటోంది. తల ఎత్తి మా ఇద్దరి మొహాలూ చూసింది.

"డాడీకి జాబ్ వచ్చింది?"

"తెలీదు నాన్నా. బహుశా రాదు," అన్నాడు ఆయన.

"వై? ఏం అయింది?"

ఆయన నావైపు చూశాడు. ఏమైందో చెప్పాలంటే ముందు మేమెవరమో చెప్పాలి. దానికి పదిహేనేళ్ళు. స్కూల్ ప్రాజెక్టు కోసం మనం ఎక్కణ్ణుంచి వచ్చామని ఎప్పుడో అడిగితే 'గుంటూరు' అని ఒక్క ముక్క చెప్పి, అన్నం చల్లారిపోతోందని కసిరింది మా ఆయన కాదు, నేను.

"బౌల్ పక్కన పెట్టు," అన్నాను. పక్కన కూర్చుని, దాని చెయ్యి పట్టుకుని, చెప్పడం మొదలుపెట్టాను.