ఫిల్టరుది ఏ తప్పూ లేదు

మా ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం చేసి చాలా కాలమైంది. దాని అంచుకు, వస్తువును కదలకుండా పట్టి ఉంచే ఇనుప బెంచి వైసు ఒకటి బిగించి ఉంటుంది. పక్కన రేకు కోసే కత్తెర, భూతద్దం, ఎంత తోమినా జిడ్డు వదలని ఒక పళ్ళెం. ఆ బల్ల మీద మా ఆయన కారు ఇంజన్ ఆయిల్ ఫిల్టర్లు కోస్తారు. నేను కంచం ఒళ్ళో పెట్టుకుని సోఫాలో తింటాను. అదృష్టవశాత్తూ సోఫాకు వైసు బిగించడం కుదరదు.

మా ఆయన మెకానిక్ అనుకునేరు. ఆయన పని చేసేది నీటి బిల్లుల ఆఫీసులో. కార్లతో ఆయనకున్న సంబంధమల్లా నా కారే. నాది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే ఒక బోర్డు, నేను, నా కాళ్ళ దగ్గర కూడా బ్రేకు పెట్టించిన ఒక పాత కారు. అది తిరగకపోతే స్కూలు లేదు. ఆ సంగతి తెలిసిన మనిషి కాబట్టి, నా కారును ఏ మెకానిక్ చేతిలోనూ పెట్టనని ఆయన భీష్మించుకు కూర్చున్నారు. ఆయిల్ మార్చడం, ఫిల్టర్ మార్చడం అంతా స్వహస్తాలతోనే.

ఫిల్టర్ అంటే చిన్న రేకు డబ్బా. లోపల కుచ్చులు కుచ్చులుగా మడిచిన కాగితం ఉంటుంది. ఇంజన్‌లో తిరిగే ఆయిల్ ఆ కాగితంలోంచి పోతుంది, మురికి అక్కడ ఆగిపోతుంది. కారున్న వాళ్ళు దీన్ని కొంటారు, బిగిస్తారు, మర్చిపోతారు. మా ఆయన మాత్రం కోస్తారు. కాగితం విప్పి బల్ల పొడవునా పరుస్తారు. కుచ్చులు సమానంగా ఉన్నాయా, జిగురు అంచుదాకా పట్టిందా, కాగితాన్ని రెండు వైపులా పట్టుకునే మూతలు రేకువా అట్టవా అని చూస్తారు. ఇంజన్ ఆపినప్పుడు ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆపే రబ్బరు రేకును చెవి దగ్గర పెట్టుకుని వంచుతారు. అది ఏం చెబుతుందో నాకు తెలియదు. నా మాట వినడానికి మాత్రం ఆ చెవి ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

ఈ పిచ్చిని ఎగదోసేది మా అక్క మొగుడు. బావగారిది కారు విడిభాగాల దుకాణం. ఆయన అమ్మేది తెల్ల డబ్బా ఫిల్టర్. మా ఆయన నమ్మేది నల్ల డబ్బా. తోడల్లుళ్ళిద్దరికీ మాట్లాడుకోవడానికి లోకంలో ఇంకే విషయమూ మిగల్లేదు. నేనూ అక్కా ఫోన్లో మాట్లాడుకుంటుంటే కూడా వెనకనుంచి "మూతలు అట్టవి కావని చెప్పవే!" అని బావగారి కేక వినిపిస్తుంది.

ఆ ఆదివారం నా కారుకు ఆయిల్ మార్చే రోజు. ఎల్లుండి మంగళవారం మా టైలరమ్మకు లైసెన్స్ టెస్టు. ఆవిడ నా విద్యార్థుల్లో అందరికంటే పెద్దది, అందరికంటే భయస్థురాలు. ఎదురుగా సైకిలు వస్తే హారన్ కొట్టడానికి కూడా మొహమాటపడుతుంది. కళ్ళు మసకబారి కుట్టుపని సాగడం లేదు, అద్దాలు పెట్టుకుంటే దూరం మాత్రం బాగానే కనిపిస్తుంది. పసిపిల్లల బడిలో వ్యాన్ నడిపే ఉద్యోగం ఇస్తామన్నారు, మంగళవారం టెస్టు పాసైతేనే. లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటారు.

"ఏమండీ, ఈసారైనా కోతలు పక్కన పెట్టి కారు పని చూడండి. ఆవిడ బతుకు దాని మీద ఉంది" అన్నాను.

"అందుకేగా నల్ల డబ్బాలు రెండు తెచ్చాను! ఒకటి బిగించడానికి, ఇంకొకటి కోసి చూడడానికి. కోసి చూడకుండా ఎలా నమ్మమంటావ్?"

కోసి చూసింది మంచిదని తేలితే కొయ్యనిది కూడా మంచిదేనని ఎలా నమ్ముతారో అడగాలనిపించింది. కానీ ఆ ప్రశ్నకు జవాబుగా మూడోది కూడా తెస్తారని ఊరుకున్నాను.

ఆయన కారు కింద దూరి పాత ఆయిల్ దింపారు. పాత ఫిల్టర్ విప్పారు. సరిగ్గా అప్పుడే బావగారు తెల్ల డబ్బా పట్టుకుని దిగారు.

"తమ్ముడూ, కొత్త సరుకు వచ్చింది. కోసి మాట్లాడు!"

"కోద్దాం అన్నయ్యా, దానికేం భాగ్యం" అని మా ఆయన పాత ఫిల్టర్‌ను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో ఎత్తుకుని లోపలికి పరుగెత్తారు. తెల్లది కోశారు, నల్లది కోశారు, పాతదీ కోశారు. మూడు కాగితాలూ పక్కపక్కనే పరిచి మధ్యాహ్నం దాకా కొట్టుకున్నారు. తర్వాత మా ఆయన బయటికి వచ్చి, మిగిలిన నల్లది బిగించి, ఆయిల్ పోసి, "ఇక ఈ ఇంజన్‌కు చావు లేదు" అని ప్రకటించారు.

మంగళవారం టెస్టు మైదానంలో నా సీట్లో పరీక్ష అధికారి కూర్చున్నాడు. నేను తాడు అవతల నిలబడ్డాను. టైలరమ్మ చక్కగా కదిలింది. మలుపు తిప్పింది. గీతల మధ్య వెనక్కి పెట్టింది. ఇక చివరి చుట్టు మాత్రమే మిగిలింది. కారు దారి మధ్యలో టక్కున ఆగిపోయింది.

అధికారి చెయ్యి ఊపుతున్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపుతోంది. హారన్ కొట్టడానికి మొహమాటపడే మనిషి ప్రభుత్వ అధికారితో "పోనివ్వను" అంటోంది! అధికారి కాగితం మీద ఏదో గీసి దిగిపోయాడు. నేను తాడు దాటి పరుగెత్తాను. కారు వెనక దారి పొడవునా నల్లటి చార, కారు కింద మడుగు.

"స్టీరింగ్ వెనక ఎర్ర దీపం వెలిగింది మేడమ్. ఆయిల్ దీపం వెలిగితే ఎవరు చెప్పినా వినొద్దు, అక్కడే ఆపమని మీరే అన్నారు కదా. ఆపేశాను" అంది టైలరమ్మ. "ఆయన ఫెయిల్ అన్నారు. తాను చెప్పకుండా మధ్యలో ఆపకూడదట."

ఇంకొంచెం దూరం పోనిచ్చి ఉంటే ఆయిల్ లేక ఇంజన్ పట్టేసి ఉండేది. నా స్కూలు అక్కడితో సరి. ఆవిడ నా బతుకు నిలబెట్టి తన ఉద్యోగం పోగొట్టుకుంది. నాకు సిగ్గేసింది.

బావగారు దుకాణం బండికి కట్టి కారును ఇంటికి లాక్కొచ్చారు. దారంతా "నల్ల డబ్బా!" అని ఒకటే నవ్వు. మా ఆయన ముఖం మాడిపోయింది. ఫిల్టర్ విప్పి మాట్లాడకుండా బల్ల దగ్గరికి తీసుకెళ్ళారు. కోశారు. కాగితం పరిచారు. భూతద్దం పెట్టారు. కాసేపటికి ఆ ముఖంలో వెలుగు వచ్చింది.

"చూశావా! కుచ్చు చెదరలేదు, జిగురు ఊడలేదు. ఫిల్టరుది ఏ తప్పూ లేదు!"

"నిజమే తమ్ముడూ, సరుకు బాగానే ఉంది" అని బావగారు కూడా ఒప్పుకున్నారు. పెళ్ళిళ్ళయిన నాటినుంచి తోడల్లుళ్ళిద్దరూ ఒక మాట మీదకు రావడం నేను అప్పుడే చూశాను.

వాళ్ళను ఆ ఆనందంలో వదిలేసి నేను టార్చి పట్టుకుని కారు కిందికి దూరాను. ఫిల్టర్ కూర్చునే చోట వేలు పెట్టి తడిమాను. ఫిల్టర్ అంచున ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు ఒకటి నలిగి, పక్కకు జారి చేతికి వచ్చింది. దాన్ని లాగితే, ఇంజన్‌కు అతుక్కుని వెనక ఇంకొకటి! పాత ఫిల్టర్ రింగు అక్కడే ఉండిపోతే దాని మీదే కొత్తది బిగించారు. రింగు మీద రింగు ఎంతసేపని నిలుస్తుంది? పాత డబ్బాను కోయడానికి లోపలికి పరుగెత్తిన మనిషి దాని రింగు దానితో వచ్చిందో లేదో చూడలేదు.

రెండు రింగులూ తెచ్చి ఆ కాగితాల మీద పడేశాను. మా ఆయన వైపు తిరిగాను.

"రేపు పొద్దున్నే ఆ పిల్లల బడికి వెళ్ళండి. తప్పు ఆవిడది కాదు, నాది అని పెద్ద టీచరుకు చెప్పండి. చెప్పకుండా ఇంటికి రావద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

పొద్దున్నే వెళ్ళారు. చెప్పుకోవాల్సింది రెండు రింగుల సంగతైతే, చంకలో కోసిన ఫిల్టర్ కూడా పెట్టుకుని మరీ వెళ్ళారు. గంటలో తిరిగొచ్చి సోఫాలో కూలబడ్డారు.

"ఏమన్నారండీ?"

"ఏమంటారు! అంతా వివరంగా చెబుదామని విప్పాను. ఒక్కసారైనా దాని వైపు చూడలేదే ఆవిడ!"

"ఫిల్టర్ సంగతి కాదండీ! ఉద్యోగం?"

"అదా? ఉంచుతారట. వచ్చే టెస్టు దాకా ఆగుతామన్నారు. పక్కన అధికారి కూర్చుని పొమ్మన్నా ఆపింది కదా, పిల్లల బండికి అలాంటి మనిషే కావాలట."

నాకు ఏడుపు ఆగలేదు. కొంగో, టవలో, చేతికి ఏది దొరికితే అది ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. మా ఆయన కంగారుగా లేచి వచ్చి నా భుజం తట్టారు.

"ఊరుకోవే, పోనీలే. ఆవిడ చూడకపోతేనేం, నీకు ఇంకొకటి కోసి చూపిస్తాను."