కిడ్నీలో గోధుమరంగు

చిట్టి అని పేరు పెట్టేనాటికి ఆమె ఉయ్యాల్లో ఉంది. ఇప్పుడు కళ్ళజోడు వచ్చింది, జుట్టులో తెల్ల వెంట్రుకలు తొంగి చూస్తున్నాయి, చేస్తున్న పరిశోధనకి ఒకటికి రెండుసార్లు గడువు పొడిగింపు కూడా అయింది. పేరు మాత్రం పోలేదు. అక్క ఉన్నంతకాలం అది పోయేది కాదు.

అక్క ఇదే ప్రయోగశాలలో, ఇదే పెద్దసారు దగ్గర, ఇవే గొర్రె కిడ్నీల మీద పనిచేసి డాక్టరేట్ పుచ్చుకుని వెళ్ళింది. కిడ్నీలోని సన్నటి గొట్టాల గోడల్లో ఒక ప్రొటీన్ దాక్కుని ఉందని మొదట చూపించింది ఆవిడే. ఆ ఫొటో ప్రయోగశాల తలుపు పక్కన ఫ్రేము కట్టి వేలాడుతూ ఉంటుంది. నీలం మీద గోధుమరంగు వలయాలు, ఒక్కొక్కటీ చేత్తో గీసినంత శుభ్రంగా ఉంటాయి. ఆ ఫొటో పుణ్యమా అని అక్కకి పక్క ఊరి కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ఏటా కొత్త పిల్లలకి ఆ ఫొటో చూపించే పాఠం మొదలుపెడుతుంది.

చిట్టి పని దానికి కొనసాగింపు. వయసు మీరిన గొర్రెల్లో ఆ ప్రొటీన్ పెరుగుతుందా, తగ్గుతుందా? ఆ ఒక్క ముక్క తేల్చి థీసిస్ రాసి ఇస్తే చాలు. ఈ నెలాఖరే ఆఖరి గడువని, ఇక కాళ్ళావేళ్ళా పడ్డా పొడిగించేది లేదని ఆఫీసులో ముందే చెప్పేశారు. అది దాటితే ఇన్నేళ్ళ చాకిరీ బూడిదపాలే. ఆ ఒక్క ముక్కా తేలి చావడం లేదు.

పని వినడానికి తేలిక. కిడ్నీ ముక్కని మైనంలో పోసి దిమ్మ కడతారు. ఆ దిమ్మని కోత మిషను మీద ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి, గాజు స్లైడు మీదకి ఎత్తుకుంటారు. ఆ ముక్క మీద యాంటీబాడీ చుక్క వేస్తే అది వెతుక్కుంటూ వెళ్ళి తనకి కావలసిన ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. దాని వీపు మీద రెండో యాంటీబాడీ ఎక్కుతుంది. ఈ రెండో దానికి బయోటిన్ అనే విటమిన్ తోక కట్టి ఉంటుంది. ఆఖరున వేసే ద్రావణం ఆ తోకని పట్టుకుని, పట్టుకున్న చోట గోధుమరంగు పుట్టిస్తుంది. అంటే గోధుమరంగు కనిపించిన చోట ప్రొటీన్ ఉన్నట్టు లెక్క. మిగతా కణాలు కనబడడానికి నీలం అద్దుతారు.

చిట్టి స్లైడుల్లో గోధుమరంగుకి కరువు లేదు. లేత కిడ్నీలోనూ గోధుమే, ముసలి కిడ్నీలోనూ గోధుమే. ఒకరోజు ముసలిది ముదురుగా వచ్చిందని సంబరపడితే, మర్నాడు లేతది అంతకన్నా ముదురుగా వచ్చి కూర్చునేది. నీళ్ళు మార్చింది. మందులు మార్చింది. ఓవెన్ వేడి సరిగా లేదని దాన్ని బాగుచేయించింది. కోత మిషను బ్లేడు మార్చమని స్టోరు వాళ్ళతో పోట్లాడి వాళ్ళకి శత్రువైంది. తల ప్రాణం తోకకి వచ్చింది గానీ ఫలితం రాలేదు.

పెద్దసారు స్లైడు చూసి నిట్టూర్చేవారు. "మీ అక్కది హస్తవాసి అమ్మా. తను ముట్టుకుంటే స్లైడు మాట వినేది. నువ్వు కాస్త నిదానం నేర్చుకోవాలి."

ఆ మాట ఎన్నిసార్లు విన్నా చిట్టికి ఒళ్ళు మండేది. ఇంటికి పోతే అమ్మ అందుకునేది. "అక్కకి ఒక్కసారికే వచ్చిందటగా? అదే కదే పని? తనని అడగడానికి నీకు నామోషీ దేనికి?" నామోషీ ఏమీ లేదు. వందసార్లు అడిగింది. అక్క ఫోనులో ఓపిగ్గా అంతా చెప్పి, ఆఖరున "నువ్వు కడగడంలో తొందరపడుతున్నావే చిట్టీ" అనేది. చిట్టి స్లైడులు కడిగి కడిగి వేళ్ళ కొసలు నానిపోయి ముడతలు పడ్డాయి. ఆ వేళ్ళని అక్కకి ఫోనులో చూపించడం ఎలాగో తెలియక ఊరుకునేది.

కండరం దిమ్మ అరిగిపోకపోయి ఉంటే ఇదంతా ఇలాగే సాగి, నెలాఖరున నీరుగారిపోయి ఉండేది.

ఈ కండరం కథ చెప్పుకోవాలి. రంగు వేసిన ప్రతిసారీ పక్కన ఒక కంట్రోలు స్లైడు కూడా వెయ్యాలి. దానికి మొదటి యాంటీబాడీ ఒక్కటి మానేసి మిగతావన్నీ మామూలుగానే చేస్తారు. దాని మీద గోధుమరంగు రాకపోతే పద్ధతి సరిగ్గా ఉన్నట్టు. ఆ స్లైడు కూడా కిడ్నీదే అయి ఉండాలి, న్యాయానికి. కానీ ఈ ప్రయోగశాలలో ఎప్పటినుంచో ఒక అలవాటు పాతుకుపోయింది. ముసలి గొర్రె కిడ్నీ దొరకడం కష్టం, దొరికిన ముక్కని ఏమీ చూపించని స్లైడు కోసం ఖర్చుపెట్టడం దండగ అని, పెద్దసారు కంట్రోలు స్లైడుని తొడ కండరంతో చేయించేవారు. కండరం కావలసినంత ఉంటుంది. దాని మీద గోధుమరంగు ఎప్పుడూ రాలేదు. అందరూ హాయిగా ఉన్నారు. అక్క ఆ అలవాటులోనే చదువుకుంది, చిట్టీ అంతే.

ఆ వేళ దిమ్మ తీసి చూస్తే కండరం లేదు, ఒట్టి మైనమే మిగిలింది. కొత్త దిమ్మ కట్టడమంటే మళ్ళీ రోజులు పడుతుంది. చిట్టికి అరికాలి మంట నెత్తికెక్కింది. 'ఏదో ఒకటి ఏడవనీ' అనుకుని కిడ్నీ ముక్కనే కంట్రోలు స్లైడు మీదకి ఎత్తుకుంది.

సాయంత్రం మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఆ స్లైడు నిండా గోధుమరంగు వలయాలే.

మొదట తన్ను తానే తిట్టుకుంది. స్లైడులు తారుమారు చేసి ఉంటుంది, ఇంకేముంది, చేతులా అవి. మర్నాడు స్లైడు అంచున పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, పక్కన ఎవర్నీ మాట్లాడనివ్వకుండా మళ్ళీ చేసింది. మళ్ళీ గోధుమే. ఈసారి రెండు యాంటీబాడీలూ మానేసి, రంగు పుట్టించే ఆఖరి ద్రావణం ఒక్కటే వేసింది. వలయాలు చెక్కుచెదరకుండా అలాగే ఉన్నాయి. అప్పుడు ఆమెకి విషయం తట్టింది. కిడ్నీలోనే సొంత బయోటిన్ పుష్కలంగా ఉంది. ఆఖరి ద్రావణం దాన్నే పట్టుకుంటోంది. కండరంలో బయోటిన్ లేనట్టే గనక అది ఎప్పుడూ శుభ్రంగా కనిపించి అందరి కళ్ళూ కప్పింది.

ఆ బయోటిన్‌ని ముందే మూసేసే మందు ఒకటుంది. అది వేసి, యాంటీబాడీలన్నీ పద్ధతిగా వేసి చూసింది. లేత కిడ్నీ నీలంగా ఉంది. ముసలి కిడ్నీ నీలంగా ఉంది. గోధుమరంగు మచ్చుకైనా లేదు. ఇన్నేళ్ళూ ఆమె కొలిచింది ఒక విటమిన్‌ని.

అన్ని స్లైడులూ ట్రేలో పెట్టుకుని పెద్దసారు గదికి వెళ్ళింది.

ఆయన చాలాసేపు చూశారు. ఒకటి తీసి, ఇంకొకటి పెట్టి, మళ్ళీ మొదటిది పెట్టి చూశారు. ఆ తర్వాత తల ఎత్తి అడిగిన ప్రశ్న ఇది.

"కంట్రోలు కిడ్నీ మీద ఎందుకు వేశావు?"

"కండరం అయిపోయింది సార్."

"అయిపోతే నాకు చెప్పొద్దూ?"

నేరం అక్కడ జరిగినట్టు మాట్లాడుతున్నారు. చిట్టి నవ్వాలో ఏడవాలో తెలియక ట్రే అంచు గట్టిగా పట్టుకుంది.

ఆయన చెడ్డవాడు కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, గొంతు తగ్గించి అన్నారు. "చూడమ్మా, నీకు వ్యవధి లేదు. కొత్త కండరం దిమ్మ కట్టించు. మన పాత పద్ధతిలోనే చేసి ఇచ్చెయ్యి. లేతదాన్లో, ముసలిదాన్లో ఒకేలా ఉంది కదా, వయసుతో మార్పు లేదని రాయి. అదీ ఒక ఫలితమే. ఎవరూ నిన్ను తప్పు పట్టరు."

"కానీ సార్, అది ప్రొటీన్ కాదు కదా."

"మీ అక్క సంగతి ఆలోచించావా?" అన్నారాయన.

ఆలోచించింది. రెండు రోజులు అదే పని. తిండి సయించలేదు. తన చేతిలో లోపం లేదని తెలిసిన సంతోషం ఒకపక్క, ఆ సంతోషం ఎవరితో పంచుకోవాలో తెలియని కసి ఒకపక్క. మార్పు లేదని రాసేస్తే డాక్టరేట్ వస్తుంది, ఇల్లు చల్లగా ఉంటుంది. రాయకపోతే ముందు కూలేది అక్క ఫొటో. కానీ ఆ ఫొటో పేరు చెప్పి తనని ఎంతమంది ఎన్ని మాటలన్నారు. ఇదంతా అక్క ముఖం మీదే అనాలని ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, 'నీ తప్పు కాదే' అని అక్క నోట వినాలని ఉంది.

అమ్మే ఆ అవకాశం కల్పించింది. గడువు దగ్గరపడుతోంది, పిల్ల అన్నం తినడం లేదు, వెళ్ళి స్లైడులు చూసి ఏదో ఒకటి చెప్పిరా అని పెద్దకూతుర్ని పోరింది. సెలవురోజు మధ్యాహ్నం అక్క బస్సు దిగి సరాసరి ప్రయోగశాలకే వచ్చింది. చేతిసంచి కుర్చీకి తగిలించి, పాత అలవాటు ప్రకారం సింకు దగ్గర చేతులు కడుక్కుంది.

"ఏదీ, చూపించు" అంది.

ఆ గదిలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే స్లైడు చూసే మైక్రోస్కోపు ఉంది, పాఠాలు చెప్పడానికి పెట్టుకున్నది. చిట్టి ఏమీ చెప్పకుండా కంట్రోలు స్లైడు పెట్టింది. కావాలనే పెట్టింది. ఇద్దరూ కళ్ళు ఆనించారు.

అక్క స్క్రూ తిప్పి బొమ్మ తేటగా తెచ్చుకుంది. తర్వాత ఆవిడ గొంతులో చిట్టి ఎన్నడూ వినని మెత్తదనం వచ్చింది.

"ఇదేనే. అచ్చం నాకు వచ్చినట్టే వచ్చింది. ఆ గొట్టాల గోడలు చూడు, ఎంత తీరుగా ఉన్నాయో. వెనకాల మరక అన్నదే లేదు. చూశావా, నిదానంగా చేస్తే నీకూ వచ్చింది." స్లైడుని కాస్త జరిపింది. "యాంటీబాడీ ఎంత పల్చగా కలిపావు?"

ఈ క్షణం కోసమే రెండు రోజులుగా కాచుక్కూచుంది చిట్టి. తీరా వచ్చాక కళ్ళు మైక్రోస్కోపుకే ఆనించి ఉంచి చెప్పింది.

"యాంటీబాడీ వెయ్యలేదక్కా. అది కంట్రోలు."

"వేళాకోళాలా?"

"కండరం అయిపోతే కిడ్నీ మీద వేశాను. కిడ్నీలో ఉన్న బయోటినే అది. మూసేసి చూస్తే ఏమీ మిగలడం లేదు. ఆ స్లైడులూ ఉన్నాయి, చూస్తావా?"

అక్క తల ఎత్తలేదు. వేరే ఎవరైనా అయితే ఎలా, ఎందుకు అని అడిగి ఉండేవారు. ఆవిడకి అక్కర్లేదు, ఆ పని ఎరిగిన మనిషి. కండరం అన్న మాట చెవిన పడగానే అంతా తెలిసిపోయింది. స్క్రూ మీద ఉన్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

చిట్టికి ఇంత చవకబారు ఎత్తు ఎందుకు వేశాను, మామూలుగా కూర్చోబెట్టి చెప్పి ఉండొచ్చు కదా అనిపించింది. కోపమంతా ఎటుపోయిందో పోయింది, నీరసం మిగిలింది.

అక్క అడిగింది. "సారుకి తెలుసా?"

"చెప్పాను. కండరంతోనే చేసి, వయసుతో మార్పు లేదని రాసి ఇచ్చెయ్యమన్నారు."

"ఇచ్చేస్తున్నావా?"

ఇవ్వనని చెప్పడానికే సిద్ధపడి కూర్చుంది చిట్టి. ఎలా చెప్పాలో మాటలు కూడా పేర్చుకుంది. వంచిన తల వంచినట్టే ఉన్న అక్కని చూస్తూ ఆ మాటలు అనలేకపోయింది.

"నువ్వే చెప్పక్కా" అంది.

అక్క మైక్రోస్కోపు వదిలి వెనక్కి జరిగింది. మైక్రోస్కోపు అద్దాల గుర్తులు కళ్ళ చుట్టూ ఎర్రగా పడ్డాయి. ముఖం పాలిపోయి, ఒక్కసారిగా అమ్మ పోలిక వచ్చింది.

"మరి ఎక్కడుందే అది?" అంది.

"ఏది?"

"ప్రొటీను. కిడ్నీలో లేకపోతే మరి ఎక్కడుంది?"

"తెలీదక్కా."

"అసలు ఉందా?"

"అదీ తెలీదు."

"అయితే అదే రాయి" అంది అక్క. "నా ఫొటో వేసి, పక్కన నీది వేసి రాయి. పాఠంలో పిల్లలకి ఏం చెప్పుకోవాలో నేను చూసుకుంటాను."

గొంతులో మెచ్చుకోలు లేదు, జాలి లేదు, క్షమాపణ అసలే లేదు. లేచి సంచి భుజాన వేసుకుంది. చిట్టి కూడా లేచి నిలబడింది, 'నీ తప్పు కాదే' అన్న ఆ ఒక్క మాట ఇప్పుడైనా వస్తుందేమోనని. అక్క తలుపు దాకా వెళ్ళి ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

"అమ్మకి నేను చెబుతాను, నువ్వు నోరెత్తకు" అని బస్సు అందుకోవడానికి వెళ్ళిపోయింది.