నేటివ్ అంటే ఏ ఊరు

ఫిన్నీ చేతికి సూదులు గుచ్చి, డయాలసిస్ గొట్టాలు తగిలించి నర్సు పక్క మంచం దగ్గరికి వెళ్ళాక, కొత్తగా వచ్చిన డాక్టరు భాను, మంచం పక్కన నిలబడ్డ ఫ్లోరెన్స్ వైపు తిరిగింది.

"ఈయనకి మీరేమవుతారండీ?"

"అక్కని."

"మీ నేటివ్ కూడా ఉద్దానమేనా?"

"అవునండీ. అక్కుపల్లికి ఇవతల, తోటల్లో మా ఊరు."

ఎవరడిగినా ఫ్లోరెన్స్ చెప్పే జవాబు అదే. ఆలోచించకుండా వచ్చేస్తుంది. మంచం మీద ఫిన్నీ కళ్ళు తెరవకుండానే నవ్వాడు.

"అప్ప పుట్టింది ఖరగ్‌పూర్ల డాక్టరమ్మా. నాను ఇక్కడోన్ని. అప్ప నేటివ్ కాదు."

డాక్టరు రాయడం ఆపి తలెత్తింది.

పలాసలో ఆ వార్డుకి వచ్చేవాళ్ళందరినీ ఆ ప్రశ్న అడుగుతారు. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఎవరూ గట్టిగా తేల్చలేదు. నీళ్ళని కొందరు, తోటల్లో కొట్టే మందులని కొందరు, ఎండలో చేసే చాకిరీ అని కొందరు అంటారు. అందుకని ఎక్కడ పుట్టావు, ఎన్నాళ్ళున్నావు, ఏ నీళ్ళు తాగావు అని అడగడం డాక్టర్లకి అలవాటైపోయింది.

ఫ్లోరెన్స్ తండ్రి లూకా ఖరగ్‌పూర్ రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆమె అక్కడి రైల్వే ఆసుపత్రిలో పుట్టింది. అక్కడి తెలుగు బడిలోనే చదువుకుంది. తమ్ముడి కాన్పుకి ఊరు వచ్చిన తల్లి, అత్తగారు మంచాన పడడంతో ఊళ్ళోనే ఉండిపోయింది; ఫ్లోరెన్స్ బడి కోసం తండ్రి దగ్గర ఉంది. ఫిన్నీ ఊళ్ళోనే పుట్టాడు, ఊళ్ళోనే పెరిగాడు. జీడితోటలో పని చేస్తూ ఆదివారాలు బాప్టిస్టు చర్చిలో డోలక్ వాయించేవాడు. ఫ్లోరెన్స్‌కి ఆ ఊరు వేసవి సెలవుల ఊరు. ఖరగ్‌పూర్ తరవాత విశాఖపట్నం హాస్టలు, ఆ తరవాత ఉద్యోగం, పెళ్ళి, టెక్కలి. తల్లి ఈ జబ్బుతోనే పోయింది. రిటైరై వచ్చి ఊళ్ళో పదేళ్ళున్న తండ్రీ ఈ జబ్బుతోనే పోయాడు. రెండుసార్లూ ఫ్లోరెన్స్ వచ్చిన బంధువులకి టీలు పెట్టించింది, బస్సులు ఎక్కించింది. ఏడుపు రాలేదు. తరవాత వస్తుందేమో అనుకుంది.

"మీకు టెస్టులు చేశారా?" అంది డాక్టరు.

"నన్నెవరూ అడగలేదండీ."

"ఆయన భార్యకి?"

"వాణికి చేశారు. ఆవిడది జలంత్రకోట, అదీ ఉద్దానమే. ఆవిడ రిపోర్టు కూడా బాగాలేదు."

"మీరు చేయించుకోండి," అంది డాక్టరు కాగితం మీద ఏదో రాస్తూ. "మీరు నేటివ్ కాకపోవడం ఒకందుకు మంచిదే అయిందేమో."

టెక్కలి బస్సులో ఫ్లోరెన్స్ ఆ మాటని తిరగేసి చూసుకుంది. దానికి బాధపడాలో సంతోషించాలో తెలియలేదు. కిటికీలోంచి హైవే పక్క వరిచేలు పోతున్నాయి. ఇంటికెళ్ళి భర్త విజయ్‌కి టెస్టుల సంగతి చెప్పింది. అతను రెవెన్యూ ఆఫీసులో పని చేస్తాడు, తక్కువ మాట్లాడతాడు. "ఎప్పుడెళ్దాం?" అన్నాడు. అంతే.

ఆమె కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. ఆ వారం పాఠంలో ఆ మాటే తగిలింది. మామూలుగా అయితే అర్థం చెప్పి ముందుకి పోయేది. ఆ రోజు ఆగి, నేటివ్ అంటే ఏమిటని క్లాసుని అడిగింది. సొంతూరని అందరూ ఒక్కసారే అన్నారు. వెనక బెంచీలోంచి జయశ్రీ అనే అమ్మాయి లేచింది.

"మేడం, మా అమ్మ నన్ను ఇచ్ఛాపురంల కన్నాది. మా నాన్నది నందిగాం. నేను పెరిగింది ఇక్కడ. నా నేటివ్ ఏది మేడం?"

"నిన్నెవరైనా అడిగితే ఏం చెబుతావు?"

"నందిగాం అంటాను. ఆ ఊళ్ళో నాకు దారి కూడా తెల్దు."

పిల్లలు నవ్వారు. ఫ్లోరెన్స్ బోర్డు మీద లాటిన్ మాట రాసింది. నాస్కీ, అంటే పుట్టడం. పుట్టినవాడు నాటుస్. అందులోంచే నేటివ్, నేషన్, నేచర్. క్రిస్మస్‌కి చర్చిలో చెప్పుకునే నేటివిటీ కూడా అదే. ఇంకా వెనక్కి వెళ్తే మన జన్మ, జాతి కూడా దీనికి దూరపు చుట్టాలే. అయితే ఒకప్పుడు ఇంగ్లండులో నేటివ్ అంటే దొర భూమి మీద కట్టుబానిసగా పుట్టినవాడు. ఆ నేల విడిచి పోవడానికి వాడికి హక్కు లేదు. తరవాత తెల్లవాళ్ళు ఓడలెక్కి వచ్చి, ఇక్కడున్న మనందరినీ నేటివ్స్ అన్నారు. అది తిట్టులాగే అన్నారు. వాళ్ళు పోయాక మనం ఆ మాటని ఉంచుకుని, పక్కన ప్లేస్ అని తగిలించి, నాన్న ఊరికి పెట్టుకున్నాం.

"నిఘంటువులో పుట్టిన చోటు అని ఉంటుంది. ఇక్కడ మాత్రం మనవాళ్ళున్న చోటు," అంది. ఎక్కడ పుట్టామో అక్కడే ఉండిపోతే ఏమవుతుందో కూడా చెప్పబోయి ఆగింది. పాఠం బాగా వచ్చిందని ఆమెకి తెలుసు. అయినా తను కాక ఇంకెవరో చెబుతుంటే విన్నట్టుంది.

పరీక్షలయ్యాయి. బ్లడ్ గ్రూపు కలిసింది, మిగతావీ కలిశాయి. ఆమె కిడ్నీలు రెండూ చక్కగా ఉన్నాయన్నారు. ఒకటి తమ్ముడికి ఇస్తానని చెప్పడానికి వెళ్ళేసరికి ఫిన్నీ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద వాణి భుజానికి ఆనుకుని కూర్చున్నాడు. డయాలసిస్ అయిన రోజు అతని మొహం తడి ఆరిన గోడలా ఉంటుంది. అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"ఒద్దప్పా. నువ్వు ఇంకో ఇంటికెల్లిపోయినదానివి. నీకో మొగుడున్నాడు."

"ఆయన ఒప్పుకున్నాడు."

"బావ ఒప్పుకుంటే నాను ఒప్పుకోవాలేటి?"

వాణి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది. ఫ్లోరెన్స్ ఆవిడనే చూసింది.

"వాణీ, నువ్వేమంటావు?"

"నానేటంతాను వదినా. అడగనేను. ఒద్దననేను."

ఫిన్నీ చాలాసేపు రోడ్డు మీది ఆటోలని చూశాడు.

"సరే. ఒకటి సెప్తాను, దానికి మాటియ్యి. ఇచ్చీసినాక నువ్వు ఊరు రాకూడదు. సెలవులకీ రాకూడదు, పెళ్ళికీ రాకూడదు, సావుకీ రాకూడదు. ఒకటే ఉంటాది నీకు. ఆ నీళ్ళు నీకొద్దు."

"నీళ్ళో కాదో ఎవరికీ తెలీదు కదరా."

"తెల్దు గనకే ఒద్దంతన్నాను."

ఆమె మాటిచ్చింది. ఇవ్వడం తేలికగానే ఉంది. అలా తేలికగా ఉండడమేమిటని బస్సెక్కాక అనిపించింది.

విశాఖపట్నంలో ఆపరేషన్‌కి ముందు ఆసుపత్రి పెద్దలు ఆమెని ఒక గదిలో కూర్చోబెట్టి, కెమెరా పెట్టి మాట్లాడించారు. ఎవరైనా బలవంతం చేశారా, డబ్బిస్తామన్నారా, తరవాత కష్టాలు తెలుసా. అన్నిటికీ జవాబు చెప్పింది. చివర్లో పుట్టిన ఊరు అడిగారు.

"ఖరగ్‌పూర్," అంది.

ఆ మాట ఆమె నోటివెంట అలా రావడం అదే మొదలు. ఎదురుగా కూర్చున్నాయన తలూపి రాసుకున్నాడు.

ఫ్లోరెన్స్‌కి తెలివొచ్చేసరికి విజయ్ పక్కన ఉన్నాడు. "ఫిన్నీకి పని చేస్తోందట. మూత్రం వచ్చింది," అన్నాడు. మధ్యాహ్నం వాణి గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా అక్కడే నిలబడి ఏడ్చింది. విజయ్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఫ్లోరెన్స్ వాళ్ళని చూస్తూ పడుకుంది. మంచి జరిగిందని తెలుస్తోంది. అంతకుమించి ఏమీ లేదు. కుట్టు మానాక కూడా పక్కటెముకల కింద అరచేయంత మేర చర్మానికి స్పర్శ లేదు. నరం తెగి ఉంటుంది, కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు అన్నారు డాక్టర్లు. ఆమె స్నానం చేసేటప్పుడు అక్కడ చేయి పెట్టి చూసుకునేది. చేతికి ఒళ్ళు తెలిసేది, ఒంటికి చేయి తెలిసేది కాదు.

ఫిన్నీ కూడా ఊరు వెళ్ళలేదు. దుమ్ము, ఎండ, జనం ఇప్పట్లో పనికిరావని, తరచు చూపించుకోవాలని చెప్పారు. ఫ్లోరెన్స్ ఇంటికి దగ్గర్లో టెక్కలిలోనే గది తీసుకున్నారు. తోట మేనత్త బొడ్డమ్మ కొడుక్కి అప్పగించారు. ఫిన్నీకి ఒళ్ళు వచ్చింది, మొహంలో రంగు వచ్చింది. సాయంత్రాలు మాస్కు కట్టుకుని బస్టాండు దాకా నడిచి, పలాస వైపు పోయే బస్సులు చూసి వచ్చేవాడు. దానికి ఆరోగ్యం కోసం నడవడమని పేరు.

ఆ ఏడు వానలకి చర్చి వెనక తల్లిదండ్రుల సమాధి ఒకవైపు కుంగిపోయిందని బొడ్డమ్మ ఫోన్ చేసింది. ఫిన్నీ చొక్కా తొడుక్కున్నాడు. వాణి తలుపుకి అడ్డం నిలబడింది.

"నేను వెళ్తాను," అంది ఫ్లోరెన్స్.

"మాటిచ్చినావప్పా."

"సాయంత్రానికి వచ్చేస్తాను. అక్కడేం తినను, తాగను."

అతను చొక్కా విప్పి మంచం మీద పెట్టాడు. వద్దనలేదు.

బొడ్డమ్మ ముందే మేస్త్రీని పిలిపించి ఉంచింది. సమాధి పక్కన ఫ్లోరెన్స్ నిలబడితే, అతను మట్టి నింపి, ఇటుకలు పేర్చి, సిమెంటు పూశాడు. తండ్రి పేరు మీద పడిన సిమెంటుని ఆమె గోటితో గీకి తీసింది. తరవాత బొడ్డమ్మ ఇంటికి తీసుకెళ్ళి, వీధరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి, కొట్లోంచి తెప్పించిన నీళ్ళ సీసా చేతిలో పెట్టింది. సీలు ఇంకా తియ్యలేదు. తను మాత్రం కుండలోంచి గ్లాసు ముంచుకుని తాగింది.

"కుళాయి నీళ్ళు వస్తున్నాయి కదా అత్తా, మంచివేనట."

"వస్తన్నాయి. ఇంత కాలం తాగినోల్లం, మాకు ఏదైనా ఒకటే."

"నాకూ ఆ కుండలోవి ఇవ్వు. చుట్టానికి పెట్టినట్టు పెట్టావు."

బొడ్డమ్మ కుండ మీద మూత పెట్టేసింది.

"సుట్టానివని కాదే గుంటా. మా పిల్లవని. అది మూత తీసి తాగు."

ఫ్లోరెన్స్ సీసా మూత తిప్పి తాగింది. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. కొబ్బరాకుల్లో గాలి మోగుతోంది, దూరంగా సముద్రం కూడా వినిపిస్తోంది. ఇప్పుడైనా ఏడుపు వస్తుందేమో అనిపించింది. ఫ్లోరెన్స్ ఎదురుచూసింది. రాలేదు. బస్సుకి టైమైందని లేచింది.

టెక్కలిలో ఫిన్నీ గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. సమాధి బాగైందని చెప్పి ఫోన్లో ఫొటోలు చూపించింది. అతను ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు.

"తిత్లీ తుపానుకి పోయినకాడ కొబ్బరి మొక్కలేసినాను గదా. ఎలగున్నాయి?"

"తోట వైపు వెళ్ళాను. అక్కడ చాలా మొక్కలున్నాయిరా. మనవేవో నాకు తెలీలేదు."

ఫిన్నీ ఆమె మొహం వైపు చూశాడు. కోపం రాలేదు. కొంచెం జరిగి గుమ్మంలో చోటిచ్చాడు. ఆమె కూర్చుంది.

"సెప్తాను ఇను. సర్చి దాటితే ఎడమేపు బాట ఉంటాది," అని మొదలుపెట్టాడు. బాట ఎక్కడ వంపు తిరుగుతుందో, పాత నుయ్యి ఎక్కడుందో, గట్టు మీది జీడిచెట్టు కొమ్మ ఏ వైపు వాలుతుందో, అక్కణ్ణించి తమ మొక్కలు ఎక్కడ మొదలవుతాయో చెబుతూ పోయాడు. వాణి లోపల అన్నం వడ్డించి పిలిచింది. ఇద్దరూ లేవలేదు. ఫ్లోరెన్స్ మధ్యమధ్యలో, నుయ్యికి ఇవతలా అవతలా అని అడుగుతూ వింటోంది.