చదివి వినిపించే మనిషి

బీన్స్ ఈనెలు తీసి, చేతులు తుడుచుకుని, అత్తగారు కాగితం కళ్ల దగ్గరగా పెట్టుకుంది. "దారి తప్పిన చీమలు రెండో రోజుకి గాని పుట్టకు చేరలేదు," అని చదివింది. బల్లకు అటువైపు కోడలు కంప్యూటర్ తెరమీద అదే వాక్యాన్ని వేలితో వెతుక్కుంటోంది.

"ఇక్కడ మూడో రోజని పడిందత్తయ్యా."

"రాసినాయన కాగితంలో రెండే. ఇంటికి పోయే చీమని ఇంకో రోజు ఎందుకాపుతావ్? దిద్దెయ్."

పరిశోధన వ్యాసాలను చందా లేకుండా ఎవరైనా చదువుకోగలిగే కోడలి కాలేజీ పత్రిక పదేళ్ల కిందట మొదలైంది. అప్పట్లో దేశం మొత్తమ్మీద ఇలాంటివి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. ఇప్పుడు వందలు. ప్రజల సొమ్ముతో చేసిన పరిశోధనకు తాళాలెందుకని ప్రభుత్వమే రూలు పెట్టింది. సభల్లో పెద్దలు ఆ తలుపులు వాటంతటవే తెరుచుకున్నట్టు మాట్లాడతారు. ఇక్కడ మాత్రం ఆ తలుపు తోసేది కోడలు, భోజనాల బల్ల మీద, కుక్కర్ ఈలలు లెక్కపెట్టుకుంటూ. కాలేజీలో ఆమెది గుమస్తా పని. పత్రిక సంగతి "నువ్వు చూసుకుంటావు కదమ్మా" అని డిపార్ట్‌మెంటు హెడ్డుగారు నెత్తిన పెట్టారు. సంపాదకుడిగా పేరు ఆయనది. అత్తగారు ప్రతి సంచికా మొదటినుంచి చివరిదాకా వెతికింది, కోడలి పేరు ఒక మూలన కూడా లేదు. "ఊరికే చదివే పత్రికకి ఊరికే పనిచేసే మనిషి," అని కొడుకు నవ్వేవాడు. ఇంట్లో కూడా ఆమె ఊరికే చేస్తోందని వాడికి ఎప్పుడూ తట్టలేదు.

అత్తగారు బడి మొహం చూడలేదు. కొడుకు పక్కన కూర్చుని హోంవర్కు చేయిస్తూ, వాడికంటే ముందు తనే అక్షరాలు నేర్చుకుంది. ఈ పదేళ్లలో ఎముకల గురించీ, వాననీటి గురించీ, చీమల గురించీ ఎంత చదివిందో. సెలవురోజు పదకొండింటికి ఆ బల్ల దగ్గర కూర్చుంటే, ఇన్నాళ్లకి ఎవరో తనకోసం కుర్చీ వేసినట్టుండేది. ఆవిడకున్న భయమల్లా మనుషులు వెళ్లిపోవడమంటేనే. అమ్మ ఆస్పత్రికని వెళ్లి తిరిగి రాలేదు. అక్క బస్సు కిటికీలోంచి చెయ్యూపింది, ఆ తర్వాత ఉత్తరాలే. ఇప్పటికీ ఎవరు చెప్పులేసుకున్నా గుమ్మందాకా వెళ్లి, "మంచినీళ్లు పెట్టుకున్నావా?" అని రెండుసార్లు అడుగుతుంది.

చీమల వ్యాసం పేజీల మధ్యలో ఇంకో కాగితం దూరి ఉంది. అలవాటుకొద్దీ అదీ పైకే చదివింది. "ఉచిత పరిశోధన పత్రికలకు అండగా కొత్తగా పెట్టిన జాతీయ కేంద్రంలో, నిర్వాహకురాలిగా మీరు చేరాలని..."

ఆగిపోయింది.

"అది వ్యాసం కాదత్తయ్యా," అంది కోడలు, తల తిప్పకుండా.

"తెలుస్తోంది. ఎంత దూరం?"

"రైల్లో తొమ్మిది గంటలు."

"పత్రికలో నీ పేరే లేదు కదా, వాళ్లకెలా దొరికావ్?"

"రచయితలకి నేను రాసే ఉత్తరాలు చూశారట. మీ అబ్బాయికి చెప్పాను. అమ్మనెవరు చూస్తారన్నారు. అదీ నిజమే. రేపే గడువు, రానని రాసేస్తాను."

ముందు అత్తగారికి కలిగింది సంతోషమే. ఉండిపోతుంది. దాని వెనకే సిగ్గు వచ్చింది. ముప్పై ఏళ్లనాడు కుట్టుబడిలో టీచరుగా రమ్మని తనకీ కబురొచ్చింది. "మా అమ్మనెవరు చూస్తారు?" అన్నాడు మొగుడు, ఇవే మాటలు. ఆ అమ్మ పక్కగదిలోనే ఉంది, అంతా వింది. నోరు విప్పి ఒక్క మాటంటే సరిపోయేది. అనలేదు.

"నీకు వెళ్లాలనుందా?"

కోడలు ఈసారి తల తిప్పింది. "ఉందత్తయ్యా."

మధ్యాహ్నం కొడుకు అన్నం ముందు కూర్చోగానే ఆవిడ అడిగింది. "నన్నెవరు చూస్తారని అడిగావట. నన్నడిగావా?"

"అది కాదమ్మా, నీ మందులూ..."

"సీసా మీద రాసింది చదవడం నాకొచ్చు. కూర తరగడం నీకు నేర్పుతా. ఎక్కాలే నేర్పినదాన్ని, ఇదెంత."

"తను లేకుండా ఉండగలవా నువ్వు?"

"ఉండలేనురా. నేను ఉండలేనని అది ఆగిపోవాలా?" కోడలివైపు తిరిగింది. "సెలవురోజు పదకొండింటికి ఫోన్ చెయ్యి. చీమల వ్యాసం ఇంకా నాలుగు పేజీలుంది."

అటకమీది పెట్టె కొడుకుచేతే దింపించి, తనే దుమ్ము తుడిచింది. ముందుగా మంచినీళ్ల సీసా పెట్టింది, ఉందో లేదో మళ్లీ చూసుకుంది. ఆవిడ చూస్తుండగా ఎన్ని పెట్టెలు ఆ గుమ్మం దాటాయో. తన చేత్తో సర్దింది మాత్రం ఇదొక్కటే.