రెండు పిట్టలు, ఒక గొంతు

వీధిలో అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ పశువుల ఆస్పత్రిలో నర్సు. సాయంత్రం ఇంటికి రాగానే ఆవిడ చేసే మొదటి పని, అట్టపెట్టెలో ఉన్న రెండు పిట్టలకి పురుగులు తినిపించడం. రెక్కలు దెబ్బతిన్న వాటిని ఆస్పత్రిలో చోటు లేక ఇంటికి తెచ్చుకుంది. పగలంతా నేలమీదే నిద్రపోయే రాత్రి పిట్టలవి. రెండూ దగ్గరి చుట్టాలు, రెండూ ఎండుటాకు రంగే. చిన్నదాని తోక పొట్టి, పెద్దదాని తోక పొడుగు. అసలు తేడా అరుపులోనే. చిన్నది గచ్చుమీద గోలీ జారినట్టు 'టక్ టక్ టకటకటక' అంటుంది. పెద్దది చెక్కమీద సుత్తితో కొట్టినట్టు ఆగి ఆగి 'టంక్... టంక్' అంటుంది.

ఆవిడ భర్త, బాబాయి, బస్టాండులో అనౌన్సరు. గొంతుకి ఆపరేషనయ్యాక మాట పోయింది. నెలాఖరులోగా రాకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటామన్నాడు మేనేజరు.

ఒకరోజు పొద్దున టీ అడుగుదామని బాబాయి నోరు తెరిస్తే 'టకటకటక' అని వచ్చింది.

పిన్ని పెట్టెలోకి తొంగిచూసింది. చిన్న పిట్ట నోరు తెరుస్తోంది కానీ అరుపు రావట్లేదు. "చిన్నదాని గొంతు. ఉండండి, నీళ్ళు కాగనివ్వండి."

బాబాయి హుషారుగా డ్యూటీకెళ్ళాడు. ఎన్నో నంబరు ప్లాట్‌ఫారమైతే అన్నిసార్లు 'టక్' అనేవాడు. కానీ జనం లెక్కపెట్టుకునేలోపే అరుపు అయిపోయేది. ఒక పెళ్ళివారు వేరే ఊరెళ్ళి, ఎవరి పెళ్ళిలోనో భోంచేసి వచ్చారు.

ఇంతలో చిన్నదాని రెక్క అతికింది. డాక్టరమ్మ వచ్చి చూసి, "ఎగరగలదు. కానీ అరుపు లేకుండా వదిలితే దీనికి జోడు దొరకదు. పెద్దదానికి రెక్క ఇక అతకదు, అది మీతోనే ఉంటుంది," అంది.

బాబాయి చాలాసేపు మెట్లమీద కూర్చున్నాడు. తర్వాత చిన్నదాన్ని దోసిట్లోకి తీసుకుని, దాని ముఖం దగ్గర గొంతులో ఉన్నదంతా అరిచేశాడు. పిట్ట గుటక వేసింది. 'టకటకటక' అంటూ గోడ దాటి వెళ్ళిపోయింది.

మర్నాడు బాబాయి మైకు అప్పగించి వద్దామని బయల్దేరుతుంటే, పెద్ద పిట్ట ఆయనకేసి చూసి, అంత పెద్ద నోరూ తెరిచింది. చప్పుడు లేదు.

బస్టాండులో అలవాటుకొద్దీ మైకు ముందు దగ్గాడు. 'టంక్' అని వచ్చింది. అందరూ తలెత్తారు. మూడో ప్లాట్‌ఫారానికి మూడు, ఐదుకి ఐదు. మూటలతో ఉన్న ఒక ముసలమ్మ వేళ్ళమీద లెక్కపెట్టుకుని సరైన బస్సెక్కింది.

"ఇది బావుందండీ, ఇదే ఉంచండి," అన్నాడు మేనేజరు.

సాయంత్రం బాబాయి ఇంటి ముందు చేతులు కట్టుకుని నిలబడి, 'టంక్ టంక్ టంక్' అన్నాడు.

"తలుపు విరగ్గొడతారా ఏం, వస్తున్నా," అంది పిన్ని లోపల్నుంచి, నవ్వాపుకుంటూ.