నల్లజావ మీద పొర

నూకరత్నం ఓడరేవులో వంట చేస్తోంది. ఓడరేవు నడిమధ్యలో తన వంటిల్లు ఉండటం ఆమెకి వింతగా అనిపించడం లేదు; కిరోసిన్ స్టవ్ అదే, అంచు సొట్టపోయిన ఇనప మూకుడూ అదే, గోడ ఉండాల్సిన చోట మాత్రం నీళ్ళున్నాయి, ఆ నీళ్ళు కాసేపు రంగూను నదిలా బురదగా, కాసేపు విశాఖపట్నం సముద్రంలా నీలంగా కనబడుతున్నాయి, వాటి మీద ఒక ఓడ ఆగి ఉంది. రేకు ట్రంకుపెట్టె పక్కన పెట్టుకుని ఆమె తోడబుట్టిన అప్ప సన్యాసమ్మ నిలబడి ఉంది. పోయి ఏడేళ్ళయినా, ఆఖరిసారి రైలెక్కిన నాటి చిలకపచ్చ చీరలోనే ఉంది.

"ఆ ఓడ మీద ఏటి రాసుందే? సదువు," అంటుంది అప్ప.

బడి మొహం చూడకపోయినా పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నది నూకరత్నం. ఇంట్లో అందరి ఉత్తరాలూ ఆమే చదివిపెట్టేది. కానీ ఇప్పుడు చూడబోతే అక్షరాలు చేపపిల్లల్లా పక్కకి జారిపోతున్నాయి, జారకపోయినా ఆమె చదవదు, ఎక్కడికి వెళ్ళే ఓడో పైకి చదివితే అది కదిలిపోతుందని ఆమె భయం.

"కళ్ళద్దాలు లేవప్పా. తినీసి ఎల్దూగాని, కూకో."

"ముందు నువ్వు సెయ్యి. నీ వంట సంగతి నాకు తెల్దేటి?"

గుడ్లు గిలక్కొట్టి, అందులో ఉల్లికాడలూ పెసర మొలకలూ దంచిన ఎండురొయ్యలూ మిరియాల పొడీ కలిపి కాగిన నూనెలో పోస్తే అట్టు పొంగి అంచులు కరకరలాడుతున్నాయి. రంగూనులో పక్కింటి చీనా అవ్వ అప్పచెల్లెళ్ళిద్దరికీ నేర్పిన అట్టు ఇది. దాని మీద పోసే సోయా రసాన్ని, పిండి కలిపి చిక్కగా కాచేది కాబట్టి, వీళ్ళు నల్లజావ అనేవారు. చీనా అవ్వ పెట్టిన కట్టుబాటు ఒక్కటే. జావ వేరే గిన్నెలో ఉండాలి, తినే మనిషి వచ్చి కూర్చున్నాకే అట్టు మీద పోయాలి. ముందే పోస్తే అట్టు మెత్తబడటం ఒక్కటే కాదు, నువ్వు వచ్చినా రాకపోయినా ఒకటే అని ఆ మనిషి మొహం మీద చెప్పినట్టు.

ఏడేళ్ళ కిందట, రాజమండ్రిలో ఉన్న కూతురు కస్తూరి దగ్గరికి అప్ప బయల్దేరిన పొద్దున, రైలు తప్పిపోతుందన్న కంగారులో నూకరత్నం చేసిన తప్పు అదే. అప్ప ఇంకా జడ వేసుకుంటుండగానే జావ పోసేసింది. "ముసిలిదానివైనా బుద్ధి రాలేదే నీకు," అని అప్ప అంటే, "తింటే తిను, నేకపోతే ఎల్లు," అని తను అంది. అప్ప వెళ్ళిపోయింది. మూడో రోజున కబురొచ్చింది.

అందుకే ఇప్పుడు జాగ్రత్తగా జావ గిన్నెని దూరంగా జరుపుతుంది, కానీ తల తిప్పి చూసేసరికి అట్టు మీద జావ దానంతటదే పోసి ఉంటుంది. ఇంకో అట్టు వేస్తుంది, దాని మీదా అంతే. ఓడ కూత వేస్తుంది. అప్ప ట్రంకుపెట్టె అందుకోబోతుంది.

"అప్పా, ఆగే! ఆ పొద్దు ఆకలితోటి ఎల్లిపోనావు. నా మీద కోపంతోటే పోనావా?"

సన్యాసమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. "అట్టు మెత్తబడిందని ఎవులైనా సచ్చిపోతారేటే? గుండె ఆగి పోనాను. డాట్రు కాయితం మీద రాసినాడు, సదివింది నువ్వే కదా."

"ఇది నా కలప్పా. నాకు కావాల్సిందే సెప్తన్నావు."

"మరి నాకు కావాల్సింది ఎప్పుడు పెడతావు? ఆకలేస్తంది."

అంటూ ట్రంకుపెట్టె మీద కూర్చుంటుంది అప్ప, కంచం ఒళ్ళో పెట్టుకుంటుంది. ఈసారి అట్టు పొడిగానే ఉంది. నూకరత్నం గిన్నె ఎత్తి లోపలికి చూస్తుంది.

"జావ మీద పొర కట్టీసిందప్పా. మళ్ళీ కాస్తానుండు."

"ఏడేళ్ళు ఆగితే పొర కట్టదేటే, ఎర్రిదానా! ఎవులో ఒకలు ఆగినారు కాబట్టే కట్టింది. పొయ్యి."

ఆమె గిన్నె వంచుతుంది, వేడి అట్టు మీద జావ సుయ్‌మంటుంది, ఓడ మళ్ళీ కూత వేస్తుంది, ఆ కూత సన్నబడుతూ సన్నబడుతూ పక్కింటి కుక్కరు ఈలగా మారిపోతుంది.

నూకరత్నం కళ్ళు తెరిచింది. మధ్యాహ్నపు ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. మంచం పక్కన స్టూలు మీద, నిన్ననే రాజమండ్రి నుంచి వచ్చిన కస్తూరి కూర్చుని ఉంది. ముందు ప్లేటులో అట్టు, చేతిలో చిన్న స్టీలు గిన్నె.

"నిద్ర లేపొచ్చు కదే?"

"నిద్దట్లో నవ్వుతున్నావు పిన్నీ, లేపబుద్ధి కాలేదు. నువ్వు లేచి కూర్చున్నాక జావ పోద్దామని..."

నూకరత్నం కాళ్ళు కిందికి దించి, సరిగా కూర్చుని, ప్లేటు ఒళ్ళోకి తీసుకుంది. కస్తూరి గిన్నె వంచింది. జావ వెంటనే పడలేదు. పైన సన్నగా పొర కట్టి ఉంది.