బండి ముందు బావమరిది మొహం

పెద్ద వరదొచ్చిన మూడో ఏడు. మా బజారు కొట్లవాళ్ళ సంఘానికి ఎన్నికలు పెట్టారు. తాళాల కొట్టు నడిపే నా బావమరిది కార్యదర్శి పదవికి నిలబడ్డాడు. గెలిచినవాడికి సంఘం ఆఫీసు మేడ మీద ఒక గది ఇస్తారు. బావమరిది ఏళ్ళ తరబడి మా ముందుగదిలోనే ఉంటున్నాడు. నిద్రలో కూడా మాట్లాడతాడు. అతను గెలవాలని అతనికన్నా నాకే ఎక్కువ ఉండేది.

అందుకే ప్రచారానికి నా పాత వ్యాను ఇచ్చాను. బావమరిది దాని ముందుండే ఇనప జాలీ నిండా తన మొహం అచ్చువేసిన ఫ్లెక్సీ కట్టి, పైనెక్కి ఉపన్యాసం మొదలుపెట్టాడు. రెండు వీధులు తిరిగేసరికి ఇంజను కుతకుతా ఉడికి, పొగలు కక్కి ఆగిపోయింది.

"ఏంటి బావా, నేను నోరెత్తగానే నీ బండి బుస కొడుతోంది!"

చల్లారాక నీళ్ళు పోశాను. బెల్టు బిగువుగానే ఉంది. రేడియేటరు కడిగాను. థర్మోస్టాటు మార్చాను. బానెట్ ఎత్తాలంటే ఫ్లెక్సీ విప్పాలి. దానికి మరక పడుతుందని బావమరిది ప్రతిసారీ దుప్పటిలో చుట్టి మంచం మీద పడుకోబెట్టేవాడు. అప్పుడు ఇంజను ఎంతసేపు తిప్పినా వేడి చూపించే ముల్లు కదిలేది కాదు. బాగైందనుకుని ఫ్లెక్సీ కట్టేవాడు. వీధిలోకి వెళ్తే మళ్ళీ అదే ఉడుకు.

పోటీగా నిలబడ్డ టైలరు తన కొట్టు గుమ్మంలో గ్లాసు పట్టుకుని ఉండేవాడు.

"తాళాలన్నా, కాసిన్ని వేడినీళ్ళు వదులు. టీ పెట్టుకోవాలి."

బజారంతా పడీపడీ నవ్వేది. ముందుగది నాకు దక్కేలా లేదు.

ఓట్లరోజు పొద్దున బయల్దేరబోతుంటే నా భార్య వ్యాను ముందు నిలబడిపోయింది.

"ఏమయ్యా, మా తమ్ముడేంటి, బండి స్టార్ట్ చేస్తే చిక్కిపోతున్నాడు?"

దిగి చూశాను. ఫ్లెక్సీలో బుగ్గలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. ఇంజను ఆపాను. ఒళ్ళు చేశాడు. మళ్ళీ స్టార్ట్ చేశాను. మళ్ళీ చిక్కాడు. లోపల ఫ్యాను గాలి లాగుతోంది. గాలి వచ్చే దారికి వీడి మొహం అడ్డం.

"తియ్యి," అన్నాను.

"మొహం లేకపోతే ఓటెలా వేస్తారు బావా?"

"వెనక కట్టు."

"వెనకైతే వెళ్ళిపోయేవాడిలా ఉంటాను!"

"పోనీ పైన కట్టరా," అంది వాళ్ళక్క.

"పైన నుంచునేది నేనేగా అక్కా! నా మొహం నేనే తొక్కుకోనా?"

నేను కత్తెర తెచ్చి మీసం కింద నుంచి గడ్డం దాకా, ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గ దాకా కత్తిరించేశాను.

"అయ్యో, నా నోరు!"

"మూసిందెప్పుడు గనక!" అంది నా భార్య.

వ్యాను బజారు మూడుసార్లు చుట్టింది. ముల్లు కదల్లేదు. నోరు బార్లా తెరిచిన మొహాన్ని చూడ్డానికి జనం బేరాలు వదిలేసి బయటికొచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళి ఓట్లేశారు. సాయంత్రం లెక్కపెడితే బావమరిది బొటాబొటీగా గెలిచాడు.

మర్నాడు పొద్దున్నే అతని పెట్టె, బకెట్టు, చెప్పులు వ్యానులో ఎక్కించాను. పరుపొక్కటే మిగిలింది. దాని మీద అతను ఇంకా నిద్రలో ఉపన్యాసం చెబుతున్నాడు. ఒక కొస నేను పట్టుకుని, రెండో కొస పట్టమని నా భార్యకు సైగ చేశాను.